కమదా గారు చాలన్న ధర

యొకొతె
2003 నవంబరు 18

తమ్ముడు తొమోనొరికి,

ఉత్తరం మొదట్లో వాతావరణం గురించి రాయాలని నాన్న నేర్పారు కాబట్టి రాస్తున్నాను: మంచు మొదలైంది. ఆ ముక్క అయిపోయింది, ఇక అసలు సంగతికి వస్తాను.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్ సెలూన్లో ఉంది. కుర్చీలో కూర్చున్నవాళ్ళ చెవులు శుభ్రం చేసేది నేనే, ఆ చెవులు ఎంత దూరం వింటాయో నాకు తెలుసు.

వెనకింటి కమదా గారు కొట్టుగది ఖాళీ చేయిస్తున్నారు. పాత సామాన్లన్నీ తుక్కు లారీ కోసం కంచె పక్కన పెట్టించారు. వాటి మధ్య ఎరుపూ తెలుపూ రంగుల పాత వీడియో గేమ్ మెషిన్ ఒకటి ఉంది, నీ దుకాణంలో గోడ నిండా పేర్చి ఉంటాయే, అదే. మా చియోరి బడి నుంచి వస్తూ దాని ముందు ఆగిపోయింది. నేను బయటికి వచ్చి చూసేసరికి పిల్ల నెత్తిమీద మంచు పేరుకుని ఉంది, అయినా కదలడం లేదు. వాళ్ళ నాన్న షింగో ఇంటి కప్పు మీద మంచు తోస్తూ పడి చనిపోయిన రోజు నుంచి, అంటే తొమ్మిది నెలలుగా, ఇది దేన్నీ కావాలని చూడలేదు. ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అకితాలో డాక్టరు "తొందరపెట్టకండి" అంటాడు. తొందరపెట్టక ఏం చేయాలో మాత్రం చెప్పడు.

"ఎంత?" అని మొహం మీద అడగలేను కదా. ఐదువందల యెన్ల నాణెం కాగితంలో చుట్టి రెండు చేతులతో ఇచ్చాను. కమదా గారు "అయ్యో, తుక్కుకి పోయేదానికి ఇదంతా ఎందుకమ్మా" అని పుచ్చుకున్నారు. టీవీకి తగిలిస్తే రెండో ఛానెల్లో బొమ్మ వచ్చింది. చియోరి రోజూ బడి అయ్యాక దాని ముందే కూర్చుంటోంది.

ఈ వ్యాపారంలో నువ్వు పండిపోయావు కాబట్టి అడుగుతున్నాను, నేను ఇచ్చింది సరైన ధరేనా?

నీ అక్క
మిత్సుయే

*

ఒసాకా, నిప్పొన్‌బాషి
నవంబరు 24

అక్కా,

ఇక్కడ మంచు లేదు, దుమ్ముంది. నాన్న ఆత్మ శాంతించుగాక.

ఐదువందలా! పద్ధెనిమిదేళ్ళుగా నేను "ఒక్క యెన్ను తక్కువివ్వను, ఒక్క యెన్ను ఎక్కువ పుచ్చుకోను" అని బోర్డు కట్టుకుని కూర్చుంటే, నా సొంత అక్క ఒంటరిగా బతికే పెద్దావిడ దగ్గర మెషిన్ కొట్టేసిందన్నమాట! నీ కత్తెరకి పదును ఉందని తెలుసు గానీ చేతికి కూడా ఉందనుకోలేదు.

నవ్వకు, నిజంగానే చెబుతున్నాను. రంగు పసుపెక్కినా సరే, పనిచేసే మెషిన్ అయితే పెట్టె లేకుండానే మూడు వేలు పలుకుతుంది. మిగతా రెండున్నర వేలు ఇచ్చేసెయ్. ఆ తర్వాత మూడు సంగతులు చూసి నాకు రాయి. రిమోట్ బటన్లు గుండ్రంగా ఉన్నాయా, నలుచదరంగా ఉన్నాయా? అట్టపెట్టె ఉందా? దాని మీది నంబరూ మెషిన్ అడుగు నంబరూ ఒకటేనా?

చియోరి ఆగి నిలబడిందని చదివి చాలాసేపు ఆ ముక్కే మళ్ళీ మళ్ళీ చదివాను. ఈ మామయ్య తరఫున నాలుగు గేమ్ క్యాసెట్లు పంపుతున్నాను.

తొమోనొరి

*

యొకొతె
డిసెంబరు 3

తొమోనొరీ,

పిల్ల మాట్లాడింది!

ముందు ఆ ముక్క రాయకపోతే చేయి కదలనన్నది. మంగళవారం మధ్యాహ్నం కురిబయాషి గారి గడ్డం సగం గీశాను. తెర అవతల గదిలో టీవీ మోగుతోంది. ఆ మోతలోంచి "అటు కాదు, ఇటు" అని వినిపించింది. చియోరి గొంతు. కొంచెం బొంగురు పోయింది గానీ దాని గొంతే. ఆయన్ని నురగతోనే వదిలేసి పరుగెత్తాను. రెండో రిమోట్‌కి చిన్న మైకు ఉంటుందని నాకేం తెలుసు! దాన్ని నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడుతోంది, మాట టీవీలోంచి వస్తోంది. నన్ను చూసి ఆపేసింది. నాతో ఒక్క మాటా లేదు. అయినా సరే. వంటింట్లోకి వెళ్ళి బియ్యం డబ్బా మీద కూర్చుని ఏడ్చాను.

నువ్వడిగినవి: బటన్లు నలుచదరం, రబ్బరులా మెత్తగా ఉన్నాయి. అట్టపెట్టె కూడా దొరికింది, నంబర్లు రెండూ ఒకటే. మెషిన్ అడుగున మార్కర్‌తో "కమదా అకినె, మూడో తరగతి" అని రాసుంది. కమదా గారి ఒక్కగానొక్క కూతురట. 1985లో జ్వరంతో పోయింది. అప్పటికి తొమ్మిదేళ్ళు, చియోరి ఈడు.

నువ్వు చెప్పిన రెండున్నర వేలూ ఇచ్చాను. మర్నాడే ఆవిడ పొగబెట్టిన ముల్లంగి ఊరగాయ ఒక మోపు తెచ్చిచ్చారు. కొట్లో అడిగితే సరిగ్గా వెయ్యిన్నర, నేను మొత్తం ఇచ్చిన మూడు వేలల్లో సగం. శుభానికైనా అశుభానికైనా పుచ్చుకున్నదాంట్లో సగం తిరిగిచ్చుకోవడం మనకు అలవాటే. కానీ అమ్మిన వస్తువుకి సగం తిరిగివ్వడం ఎక్కడైనా ఉందా?

ఇంకొక్క సంగతి. చియోరి మైకులో ఒక మాట అని కాసేపు ఆగుతుంది. తల పక్కకి వంచి, ఎవరో జవాబు చెప్తున్నట్టు వింటుంది. ఆ తర్వాతే ఇంకో మాట.

మిత్సుయే

*

ఒసాకా
డిసెంబరు 9

అక్కా,

నీ ఉత్తరం కౌంటర్ దగ్గరే చదివాను. ఎదురుగా ఉన్న కుర్రవాళ్ళు "ఏమైంది సార్, నకిలీ నోటా?" అని అడిగారు. ముక్కు తుడుచుకుని "మా మేనకోడలు మాట్లాడిందిరా" అన్నాను. వాళ్ళకి క్యాసెట్ల మీద పది శాతం తగ్గించాను కూడా. నా చరిత్రలో మొదటిసారి.

కానీ బటన్లు నలుచదరం అన్నావు చూడు, దానికి మాత్రం ఒళ్ళు జలదరించింది. అవి మొట్టమొదటి రకం. పెట్టెతో, ఒకే నంబరుతో ఉంటే పన్నెండు వేలకి తగ్గదు. అడుగున పేరు రాసుంది కాబట్టి మామూలు వాళ్ళయితే తగ్గిస్తారు, నేను తగ్గించను. మిగతా తొమ్మిది వేలూ ఇచ్చెయ్. నీ దగ్గర లేకపోతే నేను పంపుతాను.

ఇంకొకటి, ఆ సగాలు పుచ్చుకోకు. సగం వెనక్కి వచ్చిన బేరం సగం బేరమే అవుతుంది, వస్తువు సగం వాళ్ళదిగానే ఉండిపోతుంది. ఇది మా వృత్తిలో ముఖ్యమైన సంగతి.

మైకు గురించి భయపడకు. దానికి మాటలు దాచుకోవడం చేతకాదు. ఎవరైనా ఆ క్షణాన నోరు పెట్టి పలికితేనే టీవీలోంచి వస్తుంది, అంతే. పిల్లలు ఊహించుకుని కబుర్లాడతారు. చిన్నప్పుడు మనం అటక మీద నక్కతో మాట్లాడలేదా?

తొమోనొరి

*

యొకొతె
డిసెంబరు 20

తొమోనొరీ,

దానికి దాచుకోవడం చేతకాదని రాశావు. ఆ ముక్క నువ్వు రాయకపోయి ఉంటే బాగుండేది.

నిన్న మధ్యాహ్నం సెలూన్లో ఎవరూ లేరు. తువ్వాళ్ళు మడతపెడుతూ తెర పక్కనుంచి చూస్తున్నాను. చియోరి చేతిలో మొదటి రిమోట్ ఉంది. రెండోది పక్కన ఖాళీ మెత్త మీద పడి ఉంది. ఆ మెత్త తనే తెచ్చి వేస్తుంది రోజూ, నేను తీస్తే మళ్ళీ వేస్తుంది. టీవీలోంచి "ఇప్పుడు నా వంతు" అని వినిపించింది. చియోరి పెదవులు కదల్లేదు. చియోరి గొంతూ కాదు. చియోరి వెంటనే తన రిమోట్ కింద పెట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. తెర మీది బొమ్మ నడవడం మొదలుపెట్టింది.

నేను వెళ్ళి మెత్త మీది రిమోట్ తీసుకున్నాను. దాని మీద శబ్దం పెంచే తగ్గించే చిన్న మీట ఉంది కదా, అది కిందికి లాగాను. టీవీలో ఊపిరి తీస్తున్న చప్పుడు తగ్గి ఆగిపోయింది. పైకి జరిపాను. మళ్ళీ వచ్చింది. తమ్ముడూ, నేను ఆ మైకుని నా మొహానికి మూరెడు దూరంలో పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఉన్నాను.

తొమ్మిది వేలూ ఇచ్చాను. కమదా గారు బియ్యం బస్తా పంపారు. ఊరికే పుచ్చుకోనని బస్తా విలువ డబ్బుగా ఇచ్చాను. పుట్టగొడుగులు పంపారు. వాటికీ డబ్బు కట్టాను, ఆపిల్ పళ్ళు వచ్చాయి. నేను ఎంతిచ్చినా అందులో సగం మా గుమ్మంలోకి తిరిగి వస్తోంది. ఆవిడ నవ్వుతూనే ఉంటారు. "పరాయి సొమ్ము నిండుగా ఉంచుకుంటే నిద్ర పట్టదమ్మా" అంటారు.

మెషిన్ తీసేద్దామా అంటే, చియోరి రోజుకి పది పన్నెండు మాటలు మాట్లాడేది దాని ముందే. అవి వినడం కోసమే నేను పొద్దున లేస్తున్నాను.

మిత్సుయే

*

ఒసాకా
డిసెంబరు 27

అక్కా,

కోప్పడకుండా చదువు. ఈ పాత మెషిన్లు మామూలు టీవీ ఛానెల్ మీదే బొమ్మ పంపుతాయి. పక్కింటి రేడియో, లారీ డ్రైవర్ల మాటలు కూడా వాటిలో దూరతాయి, నా దుకాణంలోనే విన్నాను. పైగా నువ్వు ఏడాదిగా సరిగా నిద్రపోలేదు. షింగో బావ గొంతు వినిపిస్తే బాగుండునని నీకు ఉండడం తప్పు కాదు. కానీ అది ఆయన కాదు.

మెషిన్ నాకు పంపెయ్. పదిహేను వేలు ఇస్తాను, చియోరికి గుండ్రటి బటన్లది ఇంకోటి పంపుతాను. దానికీ మైకు ఉంటుంది.

పంపనంటే మాత్రం ఒక్క పని చెయ్యి. నాకు పని నేర్పిన ఒనిషి గారు, అమ్మినవాళ్ళ నోటితో "చాలు" అనిపించుకోని వస్తువుని అర మీద పెట్టనిచ్చేవారు కాదు. ఎందుకని అడిగితే తిట్టేవారు. ఒకసారి నేను అనిపించుకోకుండా పెట్టేశాను. ఏం జరిగిందో ఉత్తరంలో రాయను. కమదా గారికి మనం ధర చెప్తున్నాం, ఆవిడ చాలనలేదు. అందుకే సగాలు తిరుగుతున్నాయి. నేరుగా వెళ్ళి "మీకెంత కావాలో మీరే చెప్పండి" అని అడుగు. ఏమడిగితే అది ఇచ్చెయ్, చాలు అనిపించుకో. బేరం తెగుతుంది.

తొమోనొరి

*

యొకొతె
2004 జనవరి 11

తొమోనొరీ,

కొత్త సంవత్సరం కార్డు పంపనందుకు ఏమీ అనుకోకు, షింగో పోయి ఇంకా ఏడాది తిరగలేదు కదా.

నీ మీద మండిపడి వారం రోజులు కలం ముట్టలేదు. షింగో గొంతని నేనెక్కడ రాశాను? అది ఆడపిల్ల గొంతు. కానీ నీ సలహా పాటించాను, అది ఫలించింది, కాబట్టి క్షమించాను.

అమ్మేవాళ్ళని పట్టుకుని "ఎంత కావాలి" అని అడగడం మా ఊళ్ళో ఎవరూ చేయరు. అడిగాక సిగ్గుతో చచ్చిపోయాను. కమదా గారి నవ్వు ఆగిపోయింది. టీ కప్పు వంకే చూస్తూ అన్నారు:

"ఏమడిగినా ఇస్తావా?"

"ఇస్తానండి."

"డబ్బు నాకెందుకమ్మా. మీ పాపకి మాటలొస్తున్నాయట కదా. నన్నొక్కసారి అమ్మా అని పిలవమను. పంతొమ్మిదేళ్ళయింది ఆ పిలుపు విని."

నాకు నవ్వొచ్చింది, అంత తేలికైపోయింది గుండె. ఇంతేనా అనుకున్నాను. తల ఊపాను. మొన్న మధ్యాహ్నం ఆవిడ మంచి కిమోనో కట్టుకుని నారింజలు తీసుకుని వచ్చారు. ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పకుండానే రెండో మెత్త పక్కన కూర్చున్నారు. చియోరి ఆట ఆపి తిరిగింది. మైకు లేకుండా, ఎదురుగా మొహంలోకి చూస్తూ "అమ్మా" అంది. పదకొండు నెలల తర్వాత మనిషితో మొదటి మాట! కమదా గారు కళ్ళు మూసుకుని "చాలు" అన్నారు. నేను చెవులారా విన్నాను.

అప్పట్నించి టీవీలో ఇంకో గొంతు లేదు. పిల్ల అందరితో మాట్లాడుతోంది! కురిబయాషి గారికి నమస్కారం పెట్టింది. అన్నం ఇంకొంచెం అడిగింది. నన్ను మాత్రం "ఆంటీ" అంటోంది, ఆటపట్టించడానికి. ఎంత అల్లరిదయిందో చూడు.

నీకు ఎంత రుణపడ్డానో చెప్పలేను.

నీ అక్క
మిత్సుయే

*

ఒసాకా
జనవరి 19

అక్కా,

ఆనందం పట్టలేక ఆదివారం నాలుగింటికి ఫోన్ చేశాను. నువ్వు పనిలో ఉన్నట్టున్నావు, చియోరే తీసింది. ఎంత చక్కగా మాట్లాడింది! "ఎవరండీ" అంది. తొమో మామయ్యనే అన్నాను. "మా అమ్మకి అన్నదమ్ములు లేరండి" అంది. నేను పడీ పడీ నవ్వాను. అటు నుంచి నవ్వు రాలేదు. "ఇక్కడ ఆంటీ ఉన్నారు, పిలవమంటారా?" అని మర్యాదగా అడిగింది. నేనే పెట్టేశాను.

ఫోన్ పెట్టాక కూడా ఆ మాటలు చెవుల్లోంచి పోలేదు. అడగాలని లేదు గానీ అడుగుతున్నాను. ఇప్పటివరకూ ఒక్కసారైనా నిన్ను అమ్మా అందా?

కమదా గారికి తోబుట్టువులున్నారా?

మెషిన్ ఆవిడకి తిరిగిచ్చెయ్. చాలన్న మాట వెనక్కి తీసుకోమను. ధర చెప్పమని అడగమన్నది నేనే. పద్ధెనిమిదేళ్ళ వృత్తిలో అంత తెలివితక్కువ సలహా ఇంకొకరికి ఇవ్వలేదు. ఇరవై ఎనిమిదిన దుకాణం మూసి బయల్దేరతాను.

తొమోనొరి

*

యొకొతె
జనవరి 26

తొమోనొరీ,

అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు. కమదా గారికి తోబుట్టువులు లేరు.

బడి నుంచి టీచరమ్మ పుస్తకం పంపింది. చియోరి లెక్కలన్నీ సరిగ్గా చేసింది, పైన తేదీ మాత్రం షోవా అరవై, అంటే 1985, అని రాసింది. అది పుట్టకముందే ముగిసిపోయిన సంవత్సరాల లెక్క. పుస్తకం కవర్ మీద ఇంటిపేరు దిద్దుకుంది. ఏమని దిద్దుకుందో నీకు రాయక్కర్లేదు.

సాయంత్రం బడి నుంచి నేరుగా వెనకింటికి పోతోంది. అక్కడే తింటోంది. నేను వెళ్ళి చేయి పట్టుకుంటే విదిలించుకోదు, ఏడవదు. "చీకటి పడుతోంది ఆంటీ, మీ ఇంట్లో ఎదురుచూస్తారు" అని నన్నే సాగనంపుతుంది. ఊరంతా వచ్చి నన్ను అభినందిస్తున్నారు. డాక్టరు తన వైద్యం పనిచేసిందన్నాడు.

మెషిన్ పెట్టెలో పెట్టి తీసుకెళ్ళాను. కమదా గారు గుమ్మం దిగి రాలేదు. "చాలన్నాక తిరిగి పుచ్చుకోవడం మర్యాద కాదమ్మా" అన్నారు. నాలుగు రోజులు చూశాను. ఊరగాయ లేదు, పళ్ళు లేవు. మళ్ళీ వెళ్ళాను. మోకాళ్ళ మీద పడ్డాను. పాపని ఇచ్చెయ్యండి, ఎంత కావాలో చెప్పండి, సెలూన్ రాసిస్తాను అన్నాను. ఆవిడ నా తల నిమిరారు. ఆవిడ చెడ్డమనిషి కాదు తొమోనొరీ, అదే నాకు భయం. "అమ్మేవాళ్ళుంటే కదమ్మా ధర" అన్నారు.

ఇంటికొచ్చి ఏం తోచక మెషిన్ మళ్ళీ తగిలించాను. రెండో రిమోట్ మెత్త మీద పెట్టి కూర్చున్నాను. కంచె అవతల పిల్ల కమదా గారికి పాఠం చదివి వినిపిస్తోంది, కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. అప్పుడు టీవీలోంచి వచ్చింది. కొంచెం బొంగురు పోయిన గొంతు. నా పిల్ల గొంతు.

నీకు చెప్పని సంగతొకటి ఉంది. షింగో పడ్డ రోజు నేను మంచులోకి పరుగెత్తుకొచ్చి, ముందు ఆయన దగ్గరికి కాదు, చియోరి దగ్గరికి వెళ్ళాను. దాని భుజాలు పట్టి కుదిపి, కింద పట్టుకున్న నిచ్చెన ఎందుకు వదిలేశావని అరిచాను. అది జవాబు చెప్పలేదు. ఆ తర్వాత ఇంక ఏమీ చెప్పలేదు. డాక్టరుకి కూడా ఈ ముక్క చెప్పలేదు నేను.

టీవీలోంచి అంది: "అమ్మా, నేను నిచ్చెన వదల్లేదు. చేతులు నొప్పెట్టినా వదల్లేదు."

మైకు నోటి దగ్గర పెట్టుకుని, నాకు తెలుసమ్మా, తెలుసు, అన్నాను. నా గొంతే నాకు టీవీలోంచి వినిపించింది. దానికి వినిపించిందో లేదో తెలియదు. ఇవాళ కూడా అదే మాట చెప్పింది, నేనూ అదే చెప్పాను.

నువ్వు రా. కానీ వచ్చి నన్ను ఈ గదిలోంచి లేవమనకు, మెషిన్ స్విచ్ ముట్టుకోకు. సెలూన్ మూసేశాను. రాగానే టీవీ ముందు కూర్చుని, మామయ్యనొచ్చానని దానికి చెప్పు.

చియోరి వాళ్ళమ్మ